మూత కింద వాసన

పాల క్యాను మూత ఎత్తిన మొదటి క్షణంలోనే వాసనంతా ఉంటుంది. రెండో క్షణానికి అది గాలిపాలు. డెయిరీలో లారీలు ఆగే గట్టు మీద ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ మొదటి క్షణం ఒకే ఒక్క మనిషిది. అక్కడ అతనికి ముక్కు మామ అని పేరు. పేరు పెట్టినవాడు ఎప్పుడో రిటైరయ్యాడు. పేరు మాత్రం మిగిలింది.

పక్కన గంట ఉండేవాడు. గంట అన్నది కూడా మనిషి పేరే. బిగుసుకున్న మూతల్ని చెక్క సుత్తితో ఒక్కటిచ్చి వదులు చెయ్యడం అతని పని. ఆ మోత ఊరంతా వినపడేది. గంట కొట్టి మూత ఎత్తగానే ముక్కు మామ వంగేవాడు. పాల మీదికి కాదు, మూత లోపలి వైపుకి. దారిపొడుగునా పాలల్లోంచి లేచిన ఆవిరి అక్కడే అంటుకుని ఉంటుంది. "పో" అంటే పాలు తొట్టిలోకి. "ఆపు" అంటే క్యాను పక్కకి. పులిసినవి, కొట్టం కంపు పట్టినవి, ఆవు ఉల్లికాడలు మేసినవి, ఫినాయిలుతో కడిగి సరిగ్గా తొలవని క్యానులోవి. నిమిషానికి పది క్యాన్లు. ఒక్క చెడ్డ క్యాను తప్పిపోయినా తొట్టి తొట్టంతా పారబోయాలి. లోపల ప్రయోగశాలలో మిషన్లున్నాయి. అవి చెప్పేలోపు లారీ వెళ్లిపోతుంది.

అతనికి కోపం కూడా ముక్కు మీదే ఉండేది. ఇంటావిడ పోయాక అది అక్కణ్నుంచి దిగలేదు.

ఆవిడ పోయి రెండేళ్లయింది. ఆసుపత్రిలో మధ్యాహ్నం నాలుగింటికి ప్రాణం పోయింది. కోడలు ఆరింటికి వచ్చింది. యూనివర్సిటీలో ఎలుకల ముక్కుల మీద పరిశోధన చేసే చోట ఆమె ఉద్యోగం. ఆ రోజు ఏదో ప్రయోగం మధ్యలో ఉందట, ఆపితే నెల పని పాడవుతుందట. "మనిషి పోతుంటే ఎలుక ముక్కు చూసుకుంటూ కూర్చుంది" అని అతను పరామర్శకి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పాడు. పరామర్శలు అయిపోయాక కూడా చెప్పాడు. కొడుకు లిఫ్టులు బాగుచేసే మనిషి. తండ్రికీ పెళ్లానికీ మధ్య నలిగే రకం కాదు, ఇద్దరికీ సమానంగా దూరం జరిగే రకం. వారంలో ఐదు రోజులు పని మీద పక్క ఊళ్లలోనే ఉండేవాడు.

సాయంత్రం కోడలు గుమ్మంలో అడుగు పెట్టగానే ముందు గదిలోంచి అతని మాట వినపడేది. "ఎలుకల కంపు వచ్చింది."

ఆమె నేరుగా స్నానాలగదిలోకి పోయి, తల కూడా తడుపుకొని, అప్పుడు వంటింట్లోకి వెళ్లేది. రెండేళ్లలో ఆ మాట తప్పలేదు, ఆ స్నానమూ తప్పలేదు.

ఆ ఏడు జలుబుతో మొదలైన జ్వరం అతన్ని వారం రోజులు పడుకోబెట్టింది. లేచేసరికి ముక్కు లేదు. ముక్కు ఉంది, దిబ్బడ కూడా లేదు, గాలి హాయిగా ఆడుతోంది. వాసన మాత్రం లేదు. సబ్బు వాసన చూశాడు. కిరోసిన్ సీసా వాసన చూశాడు. ఉతకాల్సిన తన చొక్కా చంకలో ముక్కు పెట్టి చూశాడు. అన్నీ ఒక్కటే. నీళ్లు లేని బావిలో చేద వేసి లాగుతున్నట్టు.

ఇంట్లో చెప్పలేదు. డెయిరీలో గంటకి చెప్పాడు, చెప్పకపోతే కుదరదు గనక.

"ఏడిచినట్టే ఉంది బావా" అన్నాడు గంట. వాళ్లిద్దరికీ చుట్టరికం లేదు, ఎన్నో ఏళ్ల అలవాటు. "మరి నువ్వు అక్కడ నిలబడి చేసేదేమిటి, దండం పెట్టడమా?"

"నువ్వు చూడు. మూత ఎత్తాక, బాగుంటే సుత్తి క్యాను మీద ఒకసారి, బాగాలేదనిపిస్తే రెండుసార్లు కొట్టు."

"నేనా? పొగాకు నమిలీ నమిలీ నాకు మా ఆవిడ వంట ఏదో మీ ఆవిడ వంట ఏదో..." అని, నాలిక కరుచుకుని ఆగిపోయాడు.

"కొట్టు" అన్నాడు ముక్కు మామ.

మూడు వారాలు అలాగే నడిచింది. ఒకసారి కొడితే పో, రెండుసార్లు కొడితే ఆపు. ముప్పై ఏళ్లుగా వంగిన నడుమే గనక ఎవరికీ అనుమానం రాలేదు.

పట్టుకున్నది కోడలు. ఒక సాయంత్రం ఆమె ఆలస్యంగా వచ్చి, స్నానం మాట మరిచి, నేరుగా వంటింట్లోకి పోయి పొయ్యి వెలిగించింది. తర్వాత అన్నం గిన్నె తెచ్చి అతని పక్కనే నిలబడి వడ్డించింది. అతను తింటున్నాడు. ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మామయ్యా, మీకు వాసన ఎప్పట్నుంచి తెలియడం లేదు?"

"ఎవరు చెప్పారు?"

"మీరే. ఇవాళ నేను ఎలుకల బోనులు కడిగాను. వచ్చి ముప్పావుగంటయింది. మీరు ఒక్క మాట అనలేదు."

"అనడం మానేశాను. పోనీలే పాపం అని."

"మీరా?"

అతను ముద్ద మింగాడు. అడ్డం పడింది. ఆమె నీళ్ల గ్లాసు జరిపింది.

"జ్వరం తర్వాత" అన్నాడు, గోడతో చెప్పినట్టు.

ఆమె గరిటె కింద పెట్టి ఎదురుగా కూర్చుంది. అలా కూర్చోవడం రెండేళ్లలో అదే మొదటిసారి. "డెయిరీలో చెప్పారా?"

"చెబితే చీపురు ఇస్తారు. అది పట్టుకుని గట్టు ఊడవాలి. నువ్వు కూడా చెప్పకు."

"చెప్పను. కానీ మీరు నాకు రోజూ పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు ఇవ్వాలి."

"ఎందుకు? నేనేమన్నా నీ ఎలుకనా?"

"ముక్కు సంగతిలో ఎలుకతో పోల్చితే అది పొగడ్త మామయ్యా" అంది. "కళ్ల మధ్య, లోపలగా, ముక్కు కప్పులో తపాలా బిళ్లంత చోటుంది. అందులో లక్షల కణాలు. ఒక్కో కణానికి వాసన పట్టుకునే గ్రాహకం ఒక్క రకమే. ఆ రకాలు మనకి నాలుగు వందల దాకా ఉన్నాయి. ఎలుకకి వెయ్యికి పైమాటే."

"తప్పు" అన్నాడు అతను వెంటనే. "వాసనలు నాలుగు వందలేమిటి? లెక్కకి అందవు. ఒట్టి పాలల్లోనే నాకు నలభై తెలుసు. తెలుసు అంటే, తెలిసేవి."

"నేను చెప్పబోయేది అదే. ఒక్కో వాసనకి ఒక్కో గ్రాహకం అని కాదు." ఆమె కాసేపు ఆలోచించింది. "మీ ఊరి బడిలో ఎంతమంది ఉండేవాళ్లు?"

"ఒకటే గది. అరవై మంది. ఒక్క పంతులు. ఆయన చేతిలో బెత్తం."

"ఆ పంతులు తలుపుకి వీపు పెట్టి కూర్చున్నాడనుకోండి. వెనక నుంచి ఎవరో లోపలికొచ్చారు. వచ్చినవాళ్లలో తనకి తెలిసిన గుర్తేదైనా కనపడితే పిల్లవాడు చెయ్యెత్తాలి. ఒకడికి టోపీ గుర్తు. టోపీ ఎవరు పెట్టుకొచ్చినా వాడి చెయ్యి లేస్తుంది. ఒకడికి పొడుగు చేతులు గుర్తు. ఇంకొకడికి చంకలో సంచీ. ఇన్స్పెక్టరు వస్తే ఏడుగురి చేతులు లేస్తాయి. సూదిమందు వేసేవాడు వస్తే తొమ్మిది చేతులు. అందులో ఇద్దరు ఇందాకటివాళ్లే. పంతులు తలుపు వైపు తిరగడు. ఏయే చేతులు లేచాయో చూసి, వచ్చిందెవరో చెప్పేస్తాడు. ఆ పంతులు మన మెదడు. గ్రాహకాలు పిల్లలు. అరవై మందితో ఎన్ని రకాలుగా చేతులు లేపొచ్చో మీరే లెక్కెయ్యండి. ఇక నాలుగు వందల మందైతే?"

అతను లెక్కవెయ్యలేదు. కానీ చెయ్యి కడుక్కోవడం మరిచి, ఎంగిలి చేత్తో అలాగే కూర్చున్నాడు.

"మరి నా బడికి ఏమైంది?"

"జ్వరం వచ్చి పిల్లలు పడిపోయారు. ముక్కులో కణాలు మామూలుగానే కొన్ని వారాలకి చచ్చి, కొత్తవి పుడుతుంటాయి. ఈసారి ఒక్కసారే చాలా పోయినట్టున్నాయి."

"పోయినవాళ్లు మళ్లీ పుడతారా?"

ఆమె తల దించుకుంది. "ముక్కులో పుడతాయి మామయ్యా" అంది మెల్లగా. "అందరికీ కాదు. చాలామందికి."

మర్నాడు నాలుగు చిన్న సీసాలు వచ్చాయి. లవంగం, నిమ్మ, నీలగిరి, గులాబీ. ఒక్కో సీసా ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుంటూ నెమ్మదిగా పీల్చాలి. అతను తిట్టుకుంటూనే పీల్చాడు. పొద్దున ఆమె గడియారం చూస్తూ ఎదురుగా కూర్చునేది. ఐదు వారాల పాటు నాలుగు సీసాల్లోనూ ఏమీ లేదు.

ఆరో వారంలో ఒక మంగళవారం, గట్టు మీద, గంట మూత ఎత్తగానే అతని ముక్కుకి ఏదో తగిలింది.

మళ్లీ వంగాడు. ఉంది, వాసన ఉంది! జుట్టు కాలినట్టు, ముక్కు మూసుకునేటంత కంపు. గంట ఒక్కసారే కొట్టాడు. "ఆపు" అన్నాడు ముక్కు మామ. తర్వాతి క్యాను. అదే కంపు. "ఆపు." గంట కళ్లతో సైగ చేశాడు, దగ్గాడు, చివరికి "బావా, బాగానే ఉన్నాయి" అని గొణిగాడు. రెండు నెలలు గంట సుత్తికి తలాడించిన మనిషి ఆ పొద్దున ఎవరి మాటా వినే స్థితిలో లేడు. ముక్కు తిరిగొచ్చింది. తిరిగొచ్చిన ముక్కు చెబుతోంది. పదకొండు క్యాన్లు ఆపేశాడు. ఆపిన పాలు మళ్లీ ఎవరూ అమ్మకుండా నీలం రంగు కలపడం అక్కడి పద్ధతి. రంగు తన చేత్తోనే పోశాడు.

ఆ పొద్దున ముందుగా దిగిన ఆ పదకొండూ ఒకే ఒక్క ఆమెవి. పద్నాలుగు ఆవుల మనిషి. క్యాన్లు కడగడంలో ఆమెకి సాటి లేదని ముక్కు మామే నలుగురిలో చెప్పేవాడు. తర్వాతి క్యాను దించకముందే ఆమె గట్టెక్కి వచ్చి ఒక క్యానులోకి తొంగి చూసింది.

"ఏమయ్యా, నా ఆవులు సిరా తాగాయా? ఏం వాసన పట్టావు?"

"జుట్టు కాలిన వాసన."

"కాలింది నీ బుర్ర!" అని ఒక మూత తీసి అతని చేతిలో పెట్టింది. "దీనికంటిన పాలు పట్టుకెళ్లి లోపల చూపించు. తప్పని తేలితే నీ మొహం మళ్లీ నాకు చూపించకు."

లోపల మిషన్లు పదిహేను నిమిషాల్లో తేల్చాయి. ఏ దోషమూ లేదు. ఆ నెలలో వచ్చినవాటిలో అవే మేలైన పాలు.

సూపర్వైజరు అతని కొడుకు ఈడువాడు. గొంతు పెంచలేదు, అది మరీ కష్టంగా ఉంది. "పెద్దాయనా, ఏమైంది?" అన్నాడు. ముక్కు మామ జ్వరం దగ్గర్నుంచి మొత్తం చెప్పాడు. గంట పేరు ఒక్కటి చెప్పలేదు. సూపర్వైజరు గోడ మీది క్యాలెండరు చూశాడు. "పది రోజులు సెలవులో ఉండండి. పదకొండో రోజు మీ ముందు పన్నెండు కప్పులు పెడతాను. ఏది మంచిది, ఏది చెడ్డది, చెడ్డదానికి రోగమేంటి, అన్నీ చెప్పాలి. చెబితే గట్టు మీకే. లేకపోతే గేటు దగ్గర కుర్చీ వేయిస్తాను."

గేటు దగ్గర కుర్చీ అంటే వచ్చే లారీల నంబర్లు రాయడం. అతను దానికంటే చావు నయమనుకున్నాడు.

ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే కోడలితో అన్నాడు. "నీ బడి తగలబడింది. పాలు జుట్టు కాలినట్టు వస్తున్నాయి."

అతను భయపడినట్టు ఆమె జాలిపడలేదు. మొహం వెలిగింది. "వస్తోందా? నిజంగా వస్తోందా?"

"కంపు వస్తోందంటుంటే సంబరమేంటి?"

"కొత్త పిల్లలు వచ్చారు మామయ్యా! ఇంకా కొన్ని బెంచీలు ఖాళీ. వచ్చినవాళ్లలో కొందరు తమవి కాని బెంచీల్లో కూర్చున్నారు. చేతులు లేస్తున్నాయి, కానీ పంతులికి పాత వరసే గుర్తు. అందుకే పాలొస్తే జుట్టు కాలింది అంటున్నాడు. ఇలా జరుగుతుందని మేం అనుకుంటున్నాం. పూర్తిగా తేలలేదు."

"ఎప్పటికి సర్దుకుంటారు?"

"నెలలు పట్టొచ్చు. ఏడాదీ పట్టొచ్చు."

"నాకున్నది పది రోజులే."

అతను చెప్పులు విడిచి వంటింట్లోకి వెళ్లాడు. పాల గిన్నె మూత తీసి వాసన చూశాడు. మొహం చిట్లించాడు, మళ్లీ చూశాడు. నిన్న మిగిలి పులిసిన పాలు ఇంకో గిన్నెలో ఉన్నాయి. అవీ చూశాడు. అటూ ఇటూ రెండుమూడుసార్లు తిరిగాడు.

"ఇదిగో" అన్నాడు. "ఇవి జుట్టు. అవి తడి గోడ. రెండూ కంపే, కానీ ఒకే కంపు కాదు."

ఆమె గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"పిల్లలు సర్దుకునేదాకా పంతులు ఖాళీగా కూర్చోవడం ఎందుకు? కొత్త హాజరుపట్టీ రాసుకుంటాడు. ఎవరు ఏ బెంచీలో ఉన్నారో బట్టీ పట్టేస్తాడు."

ఆమె ఒక్కసారిగా నవ్వింది. "మా ప్రొఫెసరుకి రాని ఆలోచన" అంది.

"మీ ప్రొఫెసరుకి బెత్తం దెబ్బలు పడి ఉండవు."

పది రోజులూ వంటిల్లు ప్రయోగశాల అయింది. ఆమె ఆఫీసుకి సెలవు పెట్టింది. కప్పుల్లో పాలు పోసి ఒకదాంట్లో ఉల్లికాడ నలిపేది, ఒకదాంట్లో రాగి ముక్క నానేసేది. ఒకదాన్ని మాడ్చేది, ఒకదాన్ని మూతకి ఫినాయిలు చుక్క తుడిచిన సీసాలో ఉంచేది. కప్పుల అడుగున అంకె వేసి, వరస మార్చి ముందు పెట్టేది. అతను కళ్లు మూసుకుని పీల్చి చెప్పేవాడు. ఆమె పాత నోటుపుస్తకంలో రాసేది. మంచి పాలు: కాలిన జుట్టు. పులిసినవి: తడి గోడ. ఉల్లికాడ: కొత్త చెప్పులు. ఫినాయిలు: మగ్గిన అరటిపండు. మాడినవి: ఏమీ లేదు, కానీ ముక్కు చివర చల్లగా ఉంటుంది.

"ఫినాయిలు అరటిపండా?" అని ఆమె పగలబడి నవ్వింది. "అదృష్టవంతులు. ఆసుపత్రికి వెళ్తే తోటలా ఉంటుంది మీకు."

ఆసుపత్రి మాట బయటికొచ్చేసింది. పొయ్యి మీద ఏదో పొంగబోయి తనంతట తనే తగ్గింది.

"నాకోసం పది రోజులు సెలవు పెట్టావు" అన్నాడు అతను, కళ్లు తెరవకుండా. "మీ అత్త కోసం ఒక్క పూట పెట్టలేకపోయావు."

రెండేళ్లుగా ఊరందరితో అన్న మాట. ఆమెతో అనడం అదే మొదలు.

ఆమె పుస్తకం మూసింది. "పెట్టొచ్చు మామయ్యా. ఎలుకలు చచ్చిపోయేవి కావు. ఇంకో గంటలో అయిపోతుంది, వెళ్లొచ్చు అనుకున్నాను. తప్పు చేశాను. ఆ తప్పు మళ్లీ చెయ్యదలుచుకోలేదు."

సాకు చెబుతుందనుకున్నాడు. దానికి ఇవ్వాల్సిన జవాబు రెండేళ్లుగా నోట్లో నానుతోంది. ఇప్పుడది ఎక్కడ పెట్టాలో తెలియలేదు. రెప్పల కింద తడి చేరితే మోచేత్తో తుడుచుకున్నాడు.

"తర్వాతి కప్పు ఇవ్వు" అన్నాడు.

క్షమించాడని కాదు. కప్పు అందుకునేటప్పుడు రెండో చెయ్యి కూడా చాపి అందుకున్నాడు. అంతే.

పదకొండో రోజు డెయిరీలో, సూపర్వైజరు గదిలో, తెల్లగుడ్డ మీద పన్నెండు కప్పులు మూతలేసి ఉన్నాయి. తలుపు మూసి ఉంది. లోపల ఇద్దరే. ముక్కు మామ ఒక్కో మూతా తనే ఎత్తి, మూత లోపలి వైపుకి వంగాడు. కాలిన జుట్టు. "మంచివి." తడి గోడ. "పులుపు తిరిగింది. పొద్దుటివి కాదు, నిన్నటివి." కొత్త చెప్పులు. "ఉల్లికాడ." కాలిన జుట్టే, కానీ వెనక పలచగా ఏదో తీపి. ఆగాడు. మళ్లీ పీల్చాడు. అరటిపండు. "క్యాను ఫినాయిలుతో కడిగారు. రెండుసార్లు తొలిచారు, మూడోసారి తొలవలేదు."

సూపర్వైజరు కలం ఆగిపోయింది. "రెండుసార్లే తొలిపించాను. నిజమే."

పదకొండు కప్పులు అలాగే నడిచాయి. పన్నెండోది ఎత్తాడు. ఏమీ లేదు. ముక్కు చివర చల్లదనం కూడా లేదు. జుట్టు లేదు, గోడ లేదు. బడిలో ఎత్తిన చెయ్యి ఒక్కటీ లేదు.

మంచివి అయితే జుట్టు వాసన రావాలి. రాలేదు గనక చెడ్డవి. అంతవరకు బుర్రతో చెప్పొచ్చు. రోగం పేరు నాలుగైదింటిలో ఒకటి. గురి లేకుండా ఒకటి విసిరినా తగలొచ్చు. సూపర్వైజరు మొహంలో తగలాలనే ఉంది, అతను స్పష్టంగా చూశాడు. తను రంగు పోసిన పదకొండు క్యాన్ల నీలం కూడా కళ్ల ముందే ఉంది.

"ఇది నాకు రాదు" అన్నాడు. "మంచివి మాత్రం కావు. ఏమిటో తెలీదు. గట్టు మీద ఇది వస్తే దిక్కు తెలియని మనిషిలా నిలబడతాను."

"ఎండలో పెట్టిన పాలు" అన్నాడు సూపర్వైజరు. కప్పు దగ్గరికి తీసుకుని తను కూడా వాసన చూశాడు. "ఏదో ఒకటి అనాల్సింది పెద్దాయనా."

"అని ఎవరి పాలు పారబోయను?"

సూపర్వైజరు కాగితం మడిచాడు. విప్పాడు. "సోమవారం రండి. మీరు చూశాక ఇంకొకరు కూడా చూస్తారు, మూడు నెలలు. మీరు ఇద్దరూ 'పో' అంటేనే పో. సరేనా? ఒప్పుకోకపోతే కుర్చీ ఉండనే ఉంది."

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ మొదటి క్షణాన్ని ఎవరితోనూ పంచుకోని మనిషి. "ఎవరైనా సరే గానీ, పొగాకు నమిలేవాణ్ని పెట్టకండి" అన్నాడు.

వెళ్తూ వెళ్తూ ఆ పన్నెండో కప్పు పాలు ఒక చిన్న సీసాలో పోయించుకున్నాడు. దారిలో పద్నాలుగు ఆవుల ఆమె ఇంటి ముందు ఆగాడు. మొహం చూపించొద్దంది గనక గేటు బయట నిలబడే, తప్పు తనదని గట్టిగా అరిచి చెప్పాడు. లోపల్నుంచి జవాబు రాలేదు. వస్తుందని అతనూ అనుకోలేదు.

ఇంటికి చేరేసరికి కోడలు వీధి గుమ్మంలోనే ఉంది. అడగడానికి భయపడి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది.

"పదకొండు" అన్నాడు.

"ఉద్యోగం?"

"సగం." లోపలికొచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. "రేపట్నుంచి నువ్వు పనికి వెళ్లు. పది రోజులు చాలు. సాయంత్రాలు చూసుకుందాం."

సీసా మూత విప్పి, తను వాసన చూడకుండా, ఆమె వైపు జరిపాడు. "ఎండకి పాడైన పాలట. నాకు ఏమీ రాలేదు. నీకెలా ఉంది?"

ఆమె అతని మొహంలోకి చూసింది. ఆ ఇంట్లో ఆమెకి ఏ వాసన ఎలా ఉందో ఇంతవరకు ఎవరూ అడగలేదు. సీసా రెండు చేతులతో పట్టుకుని, కళ్లు మూసుకుని, నెమ్మదిగా పీల్చింది.

"తడిసి ఆరిన అట్టముక్కలా ఉంది మామయ్యా."

"ఊఁ" అన్నాడు అతను, తనూ కళ్లు మూసుకుని. "ఇంకా?"